రెండిళ్ళ పిల్లలతో ఒక ఇల్లు నడపాలంటే

మా ఇద్దరికీ ఇది రెండో పెళ్ళి. ఆయనకు కూతురు, అప్పటికి తొమ్మిదేళ్ళు. నాకు కొడుకు, నాలుగేళ్ళు. పాప వాళ్ళమ్మ విజయవాడలో నర్సు, సగం నెల నైట్ డ్యూటీలే, అందుకని పాప చదువు మా దగ్గర. మా వాడి నాన్న రాజమండ్రిలో. మేం కూకట్‌పల్లిలో. ఏడేళ్ళయింది. మొన్న మా ఆఫీసులో ఒకమ్మాయి ఇలాంటి సంబంధమే ఒప్పుకుని "అక్కా, ఏం చేయాలో చెప్పు" అని అడిగింది. క్యారేజీలు విప్పుకుని రెండు మధ్యాహ్నాలు నేను చెప్పింది ఇదే.

ముందు పిలుపు తేల్చుకోండి. పెళ్ళయిన రెండో రోజే మా అత్తగారు పాపను కూర్చోబెట్టి "అమ్మా అని పిలువు" అంది. అంతే, నెల రోజులు ఆ పిల్ల నన్ను ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చింది. నీళ్ళు కావాలన్నా వంటింటి గుమ్మంలోకి వచ్చి నేను చూసేదాకా నిలబడేది. చివరికి నేనే "మీ అమ్మ ఉందిగా, నన్ను పిన్నీ అను" అన్నా. ఆ సాయంత్రమే "పిన్నీ, నా ఎర్ర రిబ్బను చూశావా?" అని కేకేసింది. మన భాషలో ఈ సుఖం ఉంది: పిన్ని, బాబాయ్, తెలంగాణ వైపు చిన్నమ్మ, చిన్నాయన. ఎవరి చోటూ లాక్కోనక్కర్లేదు. మా వాడు ఆయన్ని బాబాయ్ అంటాడు. పక్కింటివాళ్ళు "మీ సొంత పాపేనా?" అంటే "మా పాపే" అని అక్కడితో ఆపండి. వివరం చెప్తే ఇంకో ప్రశ్న పుడుతుంది.

రెండోది చోటు. బీరువాలో ఒక అర, బాత్రూంలో ఒక బ్రష్షు, పేరు కొట్టించిన స్టీలు కంచం. కంచం సంగతి చిన్నదనుకోకండి. మా వాడి కంచం మీద మా అమ్మ ఎప్పుడో పేరు కొట్టించింది. పాప అన్నం తింటూ ఆ అక్షరాల మీద వేలు పెట్టి రాస్తుంటే చూశా. మర్నాడే సామాన్ల కొట్టుకు తీసుకెళ్ళి తన కంచం తననే ఎంచుకోమన్నా. కొట్టువాడు మిషనుతో చెక్కుతుంటే కళ్ళార్పకుండా నిలబడింది. సెలవులకు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళినా ఆ కంచంలో ఇంకెవరికీ వడ్డించం. చుట్టాలొచ్చినా సరే.

మొదటి ఏడాది తిట్టే పని కన్నవాళ్ళకే వదిలేయండి. నేను వదల్లేదు, ఫోను లాక్కున్నా, ఆరు వారాలు మాటల్లేవు. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

మాజీలతో మాట ఎలా? నేను మొదట పాప వాళ్ళమ్మను చనువుగా "అక్కా" అన్నా. ఆమె నెమ్మదిగా "అక్క అనకండీ, సవతుల్లా ఉంటుంది, పేరుతో పిలవండి" అంది. నిజమే కదా! అప్పటినుంచి పేరు, చివర గారు. వాట్సాప్‌లో మూడే విషయాలు: ఫీజు, ఆరోగ్యం, ప్రయాణం. పాత లెక్కలు వద్దు. "మీ నాన్నను డబ్బు పంపమను" అని పిల్లలతో కబురు మాత్రం పంపకండి. నేను ఒకసారి పంపా. మా వాడు ఫోనులో ఆ మాట చెప్పలేక ఏడ్చేశాడు. ఆ డబ్బు తర్వాత వచ్చిందిలెండి, కానీ వాడి ఏడుపు మర్చిపోలేదు.

సెలవుల పంపకం దీపావళికల్లా అయిపోవాలి. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, సంక్రాంతి టిక్కెట్లు చూస్తుండగానే అయిపోతాయి. మా పద్ధతి: సంక్రాంతి ఒక ఏడు ఇక్కడ, మరో ఏడు అక్కడ. దసరా దానికి తిరగేసి. మా అదృష్టం, గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయవాడా వస్తుంది, రాజమండ్రీ వస్తుంది. మా ఆయన ఇద్దర్నీ తీసుకెళ్తాడు. మొదటిసారి తెల్లవారకముందే పాప విజయవాడలో దిగితే, వాళ్ళమ్మ కిటికీలోంచి మా వాడికి ఇడ్లీ పొట్లం అందించి "నీకు కారం పడదటగా, చట్నీ వేరే కట్టా" అందట. పాప చెప్పి ఉంటుంది. రైలు కదిలాక మా ఆయన ఆ పొట్లం ఫొటో పంపాడు.

కాగితాల సంగతి పెళ్ళికి ముందే తెలుసుకోండి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో తల్లి, తండ్రి అన్న మాటల్లోకి సవతి తల్లిదండ్రులు రారు. అంటే పాపకు ఎన్ని క్యారేజీలు కట్టినా చట్టం దృష్టిలో నేను సంరక్షకురాలిని కాను. స్కూలు గేటు దగ్గర జ్వరంతో ఉన్న పిల్లను నాతో పంపేది లేదన్నారు, కార్డులో నా పేరు లేదని. వాళ్ళ తప్పేం లేదు. ఆ వారమే కన్నవాళ్ళిద్దరూ సంతకం పెట్టిన ఉత్తరం ఇచ్చాం, దాని నకలు నా బ్యాగులో ఉంటుంది.

ఇంటిపేరు మార్చమని చుట్టాలు చెవిలో పోరుతారు. మన ఆంధ్ర నుంచి వెళ్ళిన కేసులోనే 2022 జులైలో సుప్రీంకోర్టు, బిడ్డ ఇంటిపేరు తల్లి నిర్ణయించవచ్చంది. రికార్డుల్లో "సవతి తండ్రి" అని రాయాలన్న హైకోర్టు మాటనూ కొట్టేసింది. కానీ ఆ కేసులో మొదటి భర్త చనిపోయాడు. మా వాడి నాన్న ఉన్నాడు, వాణ్ణి చూస్తాడు. మేం ఇంటిపేరు జోలికి పోలేదు.

వీలునామా మాత్రం రాయించండి. అది లేకపోతే మా ఆయన సంపాదించిన దాంట్లో మా వాడికి పైసా వాటా రాదు. ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మేం అయినా చేయించాం.

అసలు పరీక్ష ఫంక్షన్. పాప ఓణీల ఫంక్షన్‌కి బట్టలు పెట్టాల్సింది మేనమామ, అంటే పాప వాళ్ళమ్మ తమ్ముడు. ఆయన రాకుండా ఎలా? కార్డు మీద ఎవరి పేర్లు? విడిపోయినవాళ్ళ పేర్లు పక్కపక్కన అచ్చేస్తే నలుగురూ నవ్వుతారని మా అత్తగారి బెంగ. పాపనే అడిగాం. "అమ్మా నాన్నా పేర్లు వేయండి, కింద పిన్ని, తమ్ముడు అని వేయండి" అంది. అలాగే వేయించాం. పీటల దగ్గర వాళ్ళమ్మ నిలబడింది, నేను భోజనాల వైపు. మధ్యలో మా వాడు పరుగున వచ్చి "అక్క పిలుస్తోంది, పూలజడ లాగేస్తోందట" అన్నాడు. వెళ్ళేసరికి వాళ్ళమ్మ రెండు పిన్నులు తీసి నోట్లో పెట్టుకుని, జడ ఎత్తి పట్టుకుంది. కింద దారం నేను వదులు చేశా.

మీ ఇంట్లో ఇలాంటిది వస్తే ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి, ఆల్బమ్ రెండు కాపీలని. బేరం అప్పుడే చేయాలి, తర్వాత అడిగితే రెండోదానికీ మొదటిదాని రేటే వేస్తాడు.