కోర్‌బూట్ పాఠం 4: సరిపోయినంత మాత్రాన చదివినట్టు కాదు

ల్యాప్‌టాప్ ఆన్ అవ్వగానే మొదట నడిచే బయాస్ బదులు పెట్టుకునే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం కోర్‌బూట్. ఈసారి దాన్ని బయాస్ ఉండే చిప్‌లోకి రాద్దామని పోయినసారి చెప్పాను. అది వాయిదా. ఒంగోలు నుంచి ఒకరు, కావలి నుంచి ఇద్దరు తమ చిప్‌లో ఇప్పుడున్నది చదివి పంపిన ఫైళ్లు తెరిచి చూశాక, ఇప్పుడు రాయిస్తే వీళ్ల ల్యాప్‌టాప్‌లు మళ్లీ లేవవని అర్థమైంది.

కావలి తమ్ముడు ఒకతను, "అన్నా, రెండుసార్లు చదివాను, రెండు ఫైళ్లకీ షా256 ఒకటే వచ్చింది, ఇంక రాసేయనా?" అని అడిగాడు. షా256 అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి లెక్క. ఫైలు తెప్పించుకున్నాను. 8 ఎంబీ, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా అన్నీ ఎఫ్ఎఫ్, అంటే ఖాళీ. చిప్‌ని చదివే, రాసే ప్రోగ్రాం ఫ్లాష్‌రామ్ చిప్ దొరకలేదని చెప్తుంటే, ఎక్కడో చూసి, దొరక్కపోయినా ముందుకు పొమ్మనే ఫోర్స్ ఆప్షన్ పెట్టి చదివించాడు. క్లిప్ చిప్ కాళ్లను పట్టుకోనే లేదు, వైరు మీద వచ్చింది ఖాళీ, ఫైల్లో పడింది ఖాళీ. రెండోసారీ అదే. ఇద్దరు పిల్లలు తెల్ల కాగితాలు ఇచ్చిపోతే జవాబులు కలిశాయని మార్కులు వేస్తామా?

షా256 చెప్పేది రెండు ఫైళ్లూ ఒకటేనా కాదా, అంతే. లోపల సరుకు ఉందో లేదో దానికి తెలియదు. ఇది మాత్రం నేను ఎన్నిసార్లయినా చెప్తాను, ఎందుకంటే "రెండుసార్లు చదివి పోల్చండి" అని అందరూ రాస్తారు, తెరిచి చూడమని మాత్రం చాలామంది రాయరు.

మనం పట్టుకున్నది థింక్‌ప్యాడ్ ఎక్స్230 కాబట్టి పామ్‌రెస్ట్ కింద రెండు చిప్‌లు ఉంటాయి. స్క్రీన్ వైపుది 4 ఎంబీ, మన వైపుది 8 ఎంబీ. ముందు 8 ఎంబీ ఫైలును, బైట్లను వరసగా చూపించే హెక్స్‌డంప్‌లో -C (పెద్ద సి) ఆప్షన్ పెట్టి తెరవండి. మొదటి లైన్లో పదహారు ఎఫ్ఎఫ్‌లు కనిపిస్తాయి, దానికి టెన్షన్ పడొద్దు, అది మామూలే. రెండో లైను 5ఎ ఎ5 ఎఫ్0 0ఎఫ్ అని మొదలవ్వాలి. అది ఇంటెల్ డిస్క్రిప్టర్ గుర్తు, అంటే చిప్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక గుర్తు. అది లేకపోతే ఆ ఫైలు పనికిరాదు, సైజు ఎంత కచ్చితంగా ఉన్నా సరే. ఖాళీ ఫైలైతే హెక్స్‌డంప్ ఒక ఎఫ్ఎఫ్ లైను చూపించి, కింద ఒక నక్షత్రం గుర్తు పెట్టి, చివర 00800000 అని ముగిస్తుంది. మూడు లైన్లలో అయిపోయిందంటే మీరు ఏమీ చదవలేదు.

4 ఎంబీ ఫైలుకి మొదలు కాదు, చివర చూడాలి. ప్రాసెసర్ లేచీ లేవగానే మొదటి ఆజ్ఞ తెచ్చుకునేది ఈ చిప్ చివరి పదహారు బైట్ల నుంచే. అక్కడ కూడా అంతా ఎఫ్ఎఫ్ ఉంటే ఆ ల్యాప్‌టాప్ ఇన్నాళ్లూ ఎట్టా ఆన్ అయిందో ఆలోచించండి.

దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం, 8 ఎంబీ చిప్‌లో మీ మిషన్‌కే చెందినది ఒకటుంది: జీబీఈ భాగం, మీ ల్యాన్ పోర్టు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య) అందులోనే. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఇంకో ఎక్స్230 దొరుకుతుంది గానీ అందులో ఉండేది దాని అడ్రస్, మీది కాదు.

ఒంగోలు ఆయన సమస్య వేరు. ఫ్లాష్‌రామ్ రెండు మూడు చిప్ పేర్లు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమంది. ఇది తప్పేమీ కాదు, మ్యాక్రోనిక్స్ కంపెనీ చిప్‌లలో మామూలు. చిప్ మీద అక్షరాలు ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి, ఆ పేరే ఇవ్వండి. ఊహించి ఇవ్వొద్దు.

క్లిప్‌ని కంప్యూటర్‌కి కలపడానికి నల్ల సీహెచ్341ఎ ప్రోగ్రామర్ కొన్నవాళ్లు మల్టీమీటర్‌తో డేటా కాళ్ల మీద ఓల్టేజీ చూడండి. చాలా వాటిలో పవర్ 3.3 ఓల్టులే వచ్చినా డేటా లైన్ల మీద 5 ఓల్టులు వస్తాయి, మన చిప్‌లు 3.3 ఓల్టులవి. నేనైతే దాన్ని ముట్టుకోను, రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు వాడతాను. బ్యాటరీ, ఛార్జర్ తీసేయడం గురించి మళ్లీ చెప్పను.

అభ్యాసం: రెండు చిప్‌లనూ మూడేసి సార్లు చదవండి, ప్రతిసారీ క్లిప్ పూర్తిగా తీసి, ఎర్ర వైరు చిప్ మీద చుక్క వైపే ఉందో లేదో చూసుకుని, మళ్లీ పెట్టి. ఫోర్స్ ఆప్షన్ వాడొద్దు. మూడూ కలవాలి, పైన చెప్పిన గుర్తులూ కనిపించాలి. కలవకపోతే చిప్ కాళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మొదటి నుంచి చేయండి. తర్వాత రెండు ఫైళ్లనూ 8 ముందు, 4 వెనక వచ్చేట్టు క్యాట్ కమాండ్‌తో కలిపి, 12 ఎంబీ ఫైలుని కోర్‌బూట్‌తో వచ్చే ఇఫ్డ్‌టూల్‌తో భాగాలుగా విడదీయండి. జీబీఈ ముక్కలో మొదటి ఆరు బైట్లు మీ ల్యాన్ మ్యాక్ అడ్రస్‌తో సరిపోవాలి. అది చూసుకున్నవాళ్లు ఆ 12 ఎంబీ ఫైలుని ఈ ల్యాప్‌టాప్‌లో కాకుండా వేరే రెండు చోట్ల దాచి నాకు మెసేజ్ పెట్టండి, ఫైళ్లు మాత్రం ఎవరికీ పంపొద్దు.