చెరువు లెక్కతో మోడలింగ్ మొదలుపెట్టడం ఎలా

మోడలింగ్ (జరిగేదాన్ని అంకెల లెక్కగా కట్టి చూడటం) అనగానే ఒడిశాలో గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కాలేజీల్లో చదివే మన పిల్లలు ముందు సాఫ్ట్‌వేర్ పేరు అడుగుతారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది మూడు సంగతులు. దేని నిల్వను లెక్క వేస్తున్నాం? అందులోకి ఏం వస్తోంది? ఏం పోతోంది? చెరువులో నీరైనా, ఊళ్లో జ్వరపడ్డవాళ్లయినా, గాదెలో ధాన్యానికి పట్టిన పురుగైనా వరుస ఒక్కటే: నిన్నటి నిల్వకు వచ్చింది కలిపి, పోయింది తీసేస్తే ఇవాళ్టి నిల్వ. చెరువుతో మొదలుపెట్టమని చెప్పడానికి కారణం, అక్కడ మన తప్పును కర్ర పాతి కొలిచి పట్టుకోవచ్చు.

కావలసినవి ఎక్కువేం లేవు. లిబ్రే ఆఫీస్ కాల్క్ లాంటి స్ప్రెడ్‌షీట్, దగ్గర్లోని వానమాపకం రోజువారీ అంకెలు, మదుం (తూము) దగ్గర సెంటీమీటర్ల గీతలు వేసి పాతిన కర్ర, రోజూ ఒకే వేళకు ఆ కర్ర చూసే మనిషి. కనీసం మూడేళ్ల అంకెలు ఉంటే మంచిది. పైథాన్ ప్రోగ్రామింగ్ తర్వాత నేర్చుకోవచ్చు. ప్రతి గడీ కళ్లెదుట కనబడే స్ప్రెడ్‌షీట్‌లో తప్పు దాక్కోలేదు.

ముందు చెరువు ఆకారం

చెరువు బకెట్ కాదు. నీరు తగ్గేకొద్దీ విస్తీర్ణమూ తగ్గుతుంది, దాంతో ఆవిరీ ఇంకుడూ తగ్గుతాయి. ఇది మరిచిన మోడల్‌లో చెరువు నిజానికంటే ముందే ఎండిపోతుంది. వేసవిలో నీరు దిగాక లెవెల్ పరికరంతో అర మీటరుకో గీత చొప్పున విస్తీర్ణం కొలవండి. 1 మీటరు ఎత్తులో 3.2 హెక్టార్లు, 1.5 మీటర్ల ఎత్తులో 4.8 హెక్టార్లు ఉంటే, ఆ పొర సగటు 4 హెక్టార్లు, మందం 0.5 మీటరు, అంటే 20,000 ఘనపు మీటర్లు. ఇలా పొర మీద పొర కూడుతూ ఎత్తు, విస్తీర్ణం, నిల్వల పట్టిక కట్టుకోండి. రోజు లెక్కలో విస్తీర్ణం ఈ పట్టిక నుంచే తీసుకోవాలి.

ప్రమాణాల దగ్గర ఒక్కటి గుర్తుంటే చాలు: 1 హెక్టారు మీద 1 మిల్లీమీటరు నీరంటే 10 ఘనపు మీటర్లు. పది రెట్లు, వంద రెట్లు తేడా వచ్చిన మోడల్‌లో మొదట వెతకాల్సింది ఇక్కడే.

వానలో ఎంత చెరువుకు చేరుతుంది

దీనికి కర్వ్ నంబర్ పద్ధతి చాలు. నేలా దాని మీది పైరూ చూసి ఇచ్చే అంకె అది, ఎక్కువైతే వానలో పారేది ఎక్కువ. నేల గరిష్ఠంగా పట్టి ఉంచగల నీటిని 'పట్టు' అందాం, మిల్లీమీటర్లలో.

పట్టు = 25400 ÷ కర్వ్ నంబరు − 254
పారుదల = (వాన − 0.3 × పట్టు)² ÷ (వాన + 0.7 × పట్టు)

అమెరికాలో పుట్టిన మూల సూత్రంలో 0.2, 0.8 ఉంటాయి. మన దేశపు వాడుకలో ఎర్రనేలలకు 0.3, 0.7 తీసుకుంటారు. మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో దెగ్లూరు, ధర్మాబాద్ వైపు నల్లరేగడిలో లెక్క వేసేవాళ్లు నేల ఓ మోస్తరు తడిగా ఉన్నప్పుడూ, అంతకంటే తడిసినప్పుడూ 0.1, 0.9 పెట్టుకోవాలి.

కొండ కింద ఒక చెరువు, దాని పరీవాహకం (వాన నీరు చెరువుకు పారే నేల) 150 హెక్టార్లు అనుకుందాం. కర్వ్ నంబరు 80 అయితే పట్టు 63.5. ఒక రోజు 60 మిల్లీమీటర్ల వాన పడితే పారుదల 16 మిల్లీమీటర్లు, అంటే సుమారు 24,000 ఘనపు మీటర్లు. అదే నంబరు 70 పెడితే పారుదల ఐదున్నర మిల్లీమీటర్లే, మూడో వంతుకు పడిపోయింది! పుస్తకంలో పట్టిక చూసి ఒక నంబరు రాసేసి ముందుకెళ్లిపోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూడండి. కొండవాలు మీద పోడు ఎంత, జీడితోట ఎంత, అడవి ఎంత అని విడివిడిగా విస్తీర్ణం వేసి సగటు తీయాలి. ఆ తర్వాత కూడా దాన్ని సరిచూడాల్సిన అంకెగానే ఉంచాలి.

ఇక్కడే చాలామంది పడే గొయ్యి ఒకటుంది. వాన 0.3 × పట్టు కంటే తక్కువైతే పారుదల సున్నా అని షరతు రాయాలి. రాయకపోతే, వాన లేని రోజున బ్రాకెట్‌లో −19.05 వస్తుంది, వర్గం చేస్తే ధనాత్మకం అవుతుంది, మండుటెండలో రోజుకు 8 మిల్లీమీటర్లు పారినట్టు షీట్ చూపిస్తుంది. మన చెరువుకు అది రోజుకు 12,000 ఘనపు మీటర్ల లేని నీరు.

పోయే నీరు

ఆవిరికి వాతావరణ కేంద్రంలో నీరు పోసి ఉంచే పళ్లెం కొలతను 0.7తో గుణించి వాడండి. పళ్లెం 8 మిల్లీమీటర్లు చూపితే చెరువుకు 5.6. ఇంకుడును పుస్తకంలో వెతకొద్దు, చెరువునే అడగండి. వాన లేకుండా, మదుం మూసి ఉన్న పది రోజులు చూసుకోండి. కర్ర మీద నీరు 98 మిల్లీమీటర్లు దిగి, అందులో ఆవిరి 56 అయితే, మిగిలిన 42 ఇంకినట్టు, రోజుకు 4.2. అయితే మదుం నిజంగా మూసి ఉందో లేదో వెళ్లి చూడాలి. తలుపు సందులోంచి కారే నీరంతా ఇంకుడు పద్దులో చేరిపోతుంది.

అలుగు దగ్గర రోజు లెక్క బోల్తా కొడుతుంది. అలుగు పొడవు 10 మీటర్లు, నీరు దాని మీద 0.3 మీటరు ఎత్తున ఉందనుకోండి. 1.7 × పొడవు × ఎత్తు^1.5 సూత్రంతో సెకనుకు 2.8 ఘనపు మీటర్లు పొర్లుతుంది. దాన్ని రోజంతటికీ గుణిస్తే 2,41,000 ఘనపు మీటర్లు. కానీ 10 హెక్టార్ల చెరువులో అలుగు పైన ఉన్నది 30,000 మాత్రమే. ఉన్నదానికి ఎనిమిది రెట్లు తీసేస్తే నిల్వ రుణాత్మకం కాక ఏమవుతుంది? సూత్రంలో తప్పు లేదు, అడుగు (ఒక్కో లెక్కకు తీసుకునే కాలం) పెద్దదైంది. పొర్లే రోజుల్లో గంటకో అడుగు వేయండి. రోజు లెక్కే చాలనుకుంటే, దినాంతానికి అలుగు పైనున్నదంతా పోయిందని రాసేయండి.

ఏడాది వరుసలన్నీ పూర్తయ్యాక వచ్చిన మొత్తంలోంచి పోయిన మొత్తం తీసేయండి. అది నిల్వలో వచ్చిన మార్పుతో అణా పైసలతో సహా సరిపోవాలి. ఒక్క ఘనపు మీటరు తేడా ఉన్నా ఎక్కడో సూత్రం తప్పింది.

అంకెల్లో దొర్లే పొరపాట్లు

వాతావరణ శాఖ పద్ధతిలో వాన కొలిచేది ఉదయం 8:30కి. ఆ తారీఖు కింద రాసేది అప్పటికి గడిచిన 24 గంటల వాన. మీ కర్రను సాయంత్రం చూస్తుంటే, నిన్న మధ్యాహ్నం వానకు చెరువు నిన్ననే నిండినట్టు కర్ర చూపిస్తుంది, ఆ వాన మాత్రం ఇవాళ్టి తారీఖు కింద ఉంటుంది. మోడల్‌ను తిట్టే ముందు కర్ర చూసే వేళను కూడా 8:30కి మార్చండి.

చేతిరాత రిజిస్టర్లు ఒడియా అంకెల్లో ఉంటే ఇంకో జాగ్రత్త. ఒడియా నాలుగు పైన నోరు తెరుచుకున్న ఎనిమిదిలా ఉంటుంది. తొందరలో 40 కాస్తా 80 అవుతుంది. ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఎక్కించాలి, తర్వాత మనుషులు మారి మళ్లీ సరిచూసుకోవాలి.

మోడల్‌ను నమ్మే ముందు

మూడేళ్ల అంకెలుంటే రెండేళ్లతో, మోడల్ మట్టం కర్ర మట్టానికి దగ్గరయ్యేలా కర్వ్ నంబరు సర్దండి, మూడో ఏడాదిని ముట్టుకోకుండా పరీక్షకు దాచండి. పరీక్ష ఏడాది చూశాక మళ్లీ నంబరు కదిపితే అది పరీక్ష కాదు. ఇందులో మొహమాటం పనికిరాదు.

మోడల్ అసలు కొలతలకు ఎంత దగ్గరో చెప్పడానికి నాష్, సట్‌క్లిఫ్ 1970లో ఇచ్చిన కొలమానంలో 1 వస్తే అచ్చుగుద్దినట్టు సరిపోయింది, 0 వస్తే రోజూ కొలతల సగటునే చెప్పడంతో సమానం. కానీ చెరువు మట్టం మెల్లగా కదిలే వస్తువు. 'రేపు కూడా ఇవాళ్టి మట్టమే' అనే వట్టి ఊహకు కూడా 0.9 పైన రావచ్చు. రేపటి మట్టం చెప్పడమే మీ పనైతే, మోడల్ ఆ ఊహను ఓడించాలి. 2018 అక్టోబరు తిత్లీ తుపాను లాంటి రోజులు సర్దుబాటులో ఉంటే, ఈ కొలమానం కూడే తేడాల వర్గాల్లో ఆ ఒక్క రోజే మిగతా ఏడాదినంతా మింగేస్తుంది. అలాంటి రోజుల్ని విడిగా తీసి, విడిగా చూడండి.

అదే షీట్‌తో జ్వరం

నీటి బదులు మనుషుల్ని పెట్టండి. సోకనివాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు, కోలుకున్నవాళ్లు, మూడు నిల్వలు. కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే శాస్త్రవేత్తలు 1927లో రాసింది ఇదే. ఊరు 400 మంది, రోగులు ఇద్దరు, సోకే రేటు రోజుకు 0.4, కోలుకునే రేటు 0.2 అయితే మొదటి రోజు కొత్త కేసులు 0.4 × 398 × 2 ÷ 400, అంటే 0.8. కోలుకునేది 0.4. మొదట్లో ఒక్కో రోగి నుంచి సగటున 0.4 ÷ 0.2, అంటే ఇద్దరికి అంటుతుంది.

మలేరియాకు ఇది సరిపోదు. మధ్యలో దోమ ఉంది. ఆ సంగతి రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే పట్టుకున్నాడు. దోమ రెండుసార్లు కుట్టాలి, ఒకసారి రోగిని, ఒకసారి ఇంకొకరిని. అందుకే కుట్టే రేటు సమీకరణంలో వర్గంగా వస్తుంది, దోమతెరలతో అది సగమైతే వ్యాప్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. దోమ ఆయుష్షు అంతకంటే ముఖ్యం. పరాన్నజీవి దోమలో పెరగడానికి 10 రోజులు పడుతుందనుకుంటే, రోజుకు 0.9 వంతు బతికే దోమల్లో ఆ పది రోజులు దాటేవి నూటికి 35. అది 0.8 అయితే 11. రాయగడ, కొరాపుట్ కొండ ఊళ్లకు మోడల్ కట్టేవాళ్లు కుట్టే రేటు, దోమ ఆయుష్షు అనే ఈ రెండు అంకెల మీదే ఎక్కువ శ్రమ పెట్టాలి.

చివరగా, 0.8 మనిషి అనేవాడు ఉండడు. వేల జనాభాలో ఇది పెద్ద లోపం కాదు, చిన్న ఊళ్లో పెద్ద లోపమే. ఒక్కో రోగి సగటున ఇద్దరికి అంటించే జ్వరం కూడా, ఒకే రోగితో మొదలైతే, సగంసార్లు వ్యాపించకుండానే ఆరిపోతుంది. స్ప్రెడ్‌షీట్ గీత మాత్రం ప్రతిసారీ పైకే ఎక్కుతుంది. అందుకే 400 మంది ఊరికి ఒక్క గీత గీసి చూపించొద్దు. యాదృచ్ఛిక సంఖ్యలతో 500 సార్లు నడిపి, జ్వరం ఎన్నిసార్లు ఊరంతా పాకిందో, ఎన్నిసార్లు మొదట్లోనే ఆగిందో రెండూ పక్కపక్కన రాయండి.