తెర నిండా దొంగ వైరస్ హెచ్చరిక వస్తే ఎలా వదిలించుకోవాలి?

ముందు సౌండ్ మ్యూట్ చేయండి. ఆ సైరన్ మోత ఆగితే సగం కంగారు తగ్గుతుంది. ఇక కావలసింది కీబోర్డు ఒక్కటే. మౌస్ ముట్టుకోకూడదు.

అసలు కష్టం ఆ పేజీని మూయడం దగ్గరే, అందరూ దెబ్బతినేదీ అక్కడే. హెచ్చరిక పెట్టె మూలన ఇంటూ గుర్తు కనిపిస్తే నొక్కేస్తారు. అది నిజమైన బటన్ కాదు, ఆ బొమ్మలో ఒక ముక్క. 'క్యాన్సిల్' కూడా అంతే. ఎక్కడ నొక్కినా వాళ్ల లింకే తెరుచుకోవచ్చు. స్కాన్ కూడా ఉత్తిదే: మా పెదనాన్న మ్యాక్‌లో 'సీ డ్రైవ్ స్కాన్ అవుతోంది' అంటూ పచ్చగీత పాకడం కళ్లారా చూశాను. మ్యాక్‌లో సీ డ్రైవ్ అనేదే ఉండదు! విన్‌ఫిక్సర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటి దొంగ సాఫ్ట్‌వేర్ పేర్లతో పది లక్షల మందికి పైగా జనాన్ని ముంచింది ఇలాంటి దొంగ స్కాన్లతోనే. ఆ మోసం మీద నడిచిన కేసులో 2012లో అమెరికా కోర్టు నిందితుల్లో ఒకరు 16.3 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది.

అందుకే, విండోస్ అయితే ఎస్కేప్ కీని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఫుల్ స్క్రీన్ పోగానే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి బ్రౌజర్ మూసేయండి. మొండికేస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. బాణం కీలతో బ్రౌజర్ పేరు మీదికెళ్లి డిలీట్ కొట్టండి. మళ్లీ తెరిచినప్పుడు 'పాత పేజీలు రీస్టోర్ చేయాలా' అని అడిగితే ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే దయ్యాన్ని మళ్లీ ఇంట్లోకి పిలిచినట్టే.

తెరమీది నంబరుకు ఫోన్ చేయనే వద్దు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు.

వెంటనే ఫార్మాట్ కొట్టించమనే సలహా వినకండి. వచ్చింది ఒక వెబ్ పేజీ. మీరు ఏదీ డౌన్‌లోడ్ చేయకపోతే దానికోసం పిల్లల ఫొటోలు పోగొట్టుకోనక్కర్లేదు.

తర్వాత క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేయండి. మూలన పదేపదే లేచే 'మీ యాంటీవైరస్ గడువు తీరింది' అనే పెట్టెలు చాలావరకు అక్కడినుంచే వస్తాయి. చివరగా విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, పావుగంట పని. వేరే యాంటీవైరస్ కొనక్కర్లేదు.

ఇప్పటికే ఫోన్ చేసి కంప్యూటర్ వాళ్ల చేతికిచ్చారా? ముందు నెట్ తీసేయండి, వాళ్లు వేయించిన యాప్ తొలగించండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు కట్టి ఉంటే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ నిమిషమే ఫోన్ చేయండి. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగితే ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది.