ఓపీ కౌంటర్‌లో క్యూ కదలడం లేదా? సర్వర్‌ను తిట్టేముందు ఇది చూడండి

సమస్య: ఆసుపత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక రిజిస్ట్రేషన్ దగ్గర క్యూ పెరిగింది. వెంటనే ర్యామ్ పెంచుతారు, నెట్ ప్లాన్ మారుస్తారు. క్యూ మాత్రం అలాగే ఉంటుంది.

ముందు రద్దీ వేళ ఆపరేటర్ వెనక నిలబడండి. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఆపరేటర్ ఖాళీగా కూర్చుంటే తప్పు సర్వర్‌దో నెట్‌దో. చేతులు ఆడుతూనే ఉన్నా పని తెమలకపోతే తప్పు స్క్రీన్ డిజైన్‌ది. ఇంత తేలికైన పరీక్ష ఎవరూ చెయ్యరు, ఎందుకో మరి!

పుట్టిన తేదీ తప్పనిసరి చేశారా? పెద్దవాళ్లలో చాలామందికి అది తెలియదు, ఆపరేటర్ జనవరి 1 కొట్టేస్తారు. వయసు గడి ఇస్తే సరి.

అసలు దొంగ వేరే: పాత పేషెంట్ రికార్డు దొరకకపోవడం. లక్ష్మి పేరును ఇంగ్లిష్‌లో ఒకరు కె-ఎస్-హెచ్‌తో, ఇంకొకరు ఎక్స్‌తో కొడతారు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. వెతికి విసిగి 'న్యూ' నొక్కేస్తారు. ఆమెకు రెండో నంబరు పడుతుంది, డాక్టరుకు పాత రిపోర్టులు కనబడవు, ఆమె మళ్లీ కౌంటర్‌కే వస్తుంది. ఆపరేటర్‌ను అనకండి. వెతకడం కన్నా కొత్తది తెరవడం తేలికైతే ఎవరైనా అదే చేస్తారు.

టెస్టింగ్‌లో ఇది ఎందుకు బయటపడలేదు? టెస్ట్ చేసినవాళ్లే ఆ పేర్లు ఎక్కించారు, వాళ్ల స్పెల్లింగ్ వాళ్లకు తెలుసు. కాబట్టి అసలు ఆపరేటర్లనే కూర్చోబెట్టండి. వేరేవాళ్లు ఎక్కించిన రికార్డులు ఉంచి, పేరు నోటితో చెప్పండి. చెప్పినప్పటి నుంచి టోకెన్ వచ్చేదాకా టైం చూడండి, ఎన్ని డబుల్ నంబర్లు పుట్టాయో లెక్కపెట్టండి. నలుగురైదుగురితో చేసినా పెద్ద లోపాలు బయటపడతాయి, కొత్తగా చేరినవాళ్లను మాత్రం వదలొద్దు.

పరిష్కారం: వెతుకులాట మొబైల్ నంబరుతో మొదలవ్వాలి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉండొచ్చు కాబట్టి లిస్టులో పేరు, వయసు, ఊరు కనబడాలి. వెతికాకే 'న్యూ' పనిచెయ్యాలి. స్పెల్లింగ్ వేరైనా ఒకేలా పలికే ఇంగ్లిష్ పేర్లను కలిపి వెతికే పద్ధతి, సౌండెక్స్, ఉందిగా అంటారు. రెండు లక్ష్ములనూ అది కలుపుతుంది, కానీ మొదటి అక్షరం మారితే చేతులెత్తేస్తుంది; ఇంటిపేరు ముందుకొచ్చినప్పుడు జరిగేది అదే. ఆభా అనే 14 అంకెల ప్రభుత్వ హెల్త్ ఐడీ నంబరు స్కాన్ చేస్తే టైపింగ్ తగ్గుతుంది, పాత రికార్డుకు దాన్ని జత చెయ్యకపోతే మాత్రం అదీ మరో డబులే.

ప్రింటర్‌ను నడిపే డ్రైవర్, రికార్డులను త్వరగా వెతికిపెట్టే డేటాబేస్ ఇండెక్స్ లాంటి వాటిలోనూ లోపాలు ఉండొచ్చు. డబుల్స్ ఆగాక చూసుకోవచ్చు.

ఇప్పటికే పేరుకున్న డబుల్స్‌ను మెడికల్ రికార్డ్స్ వాళ్లే కలపాలి. కౌంటర్‌లో హడావుడిగా కలిపితే ఒక లక్ష్మి మందుల చీటీ ఇంకో లక్ష్మి ఫైల్లో చేరుతుంది.