బ్రెస్సోన్ జైలు సినిమా: వేయడం, వినడం, దాని నుంచి పని నేర్చుకోవడం

1956లో ఫ్రాన్సులో విడుదలైన ఈ సినిమా కథంతా పేరులోనే ఉంది: ‘మరణశిక్ష పడినవాడు తప్పించుకున్నాడు’. తప్పించుకుంటాడా లేదా అన్న ఉత్కంఠను దర్శకుడు రొబేర్ బ్రెస్సోన్ టిక్కెట్టు చించకముందే తీసి పక్కన పెట్టేశాడు. ఇక మిగిలింది ‘ఎలా’ ఒక్కటే. దాదాపు 100 నిమిషాల పాటు ఒక చెంచా, ఒక తలుపు, కాసిన్ని తీగలు, చింపిన దుప్పటి, రెండు చేతులు, అంతే.

సినిమాకు రెండో పేరు కూడా ఉంది. తెలుగు బైబిలు చదివినవాళ్ళకు అది కొత్త కాదు, యోహాను సువార్త 3:8: ‘గాలి తన కిష్టమైన చోటను విసరును.’ ఆ వచనం అక్కడితో ఆగదు. ‘నీవు దాని శబ్దము విందువేగాని అది యెక్కడనుండి వచ్చునో యెక్కడికి పోవునో నీకు తెలియదు’ అని సాగుతుంది. ఈ సినిమా వేసేవాళ్ళు ఆ రెండో ముక్కను కాగితం మీద రాసి ప్రొజెక్టరుకు అంటించుకోవచ్చు. గదిలో ఉన్న ఖైదీకి బయటి జైలు కనిపించదు, వినిపిస్తుంది. మనకూ అంతే. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఈ సినిమా నిలబడుతుంది, శబ్దం పోతే మాత్రం పూర్తిగా పోతుంది.

ఎవరు తీశారు, ఎవరి కథ

ప్రదర్శనకు ముందు మూడు నిమిషాల పరిచయానికి ఈ వివరాలు చాలు. కథ ఆంద్రే దెవిన్యీ అనే సైనికాధికారిది, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణను ఎదిరించిన ఫ్రెంచి ప్రతిఘటనోద్యమంలోనివాడు. లియోన్ నగరంలోని మోన్‌లుక్ జైలు నుంచి 1943 ఆగస్టులో, మరణశిక్ష పడ్డాక, ఆయన తప్పించుకున్నాడు. 1954లో తన అనుభవాన్ని పత్రికలో రాశాడు, సినిమాకు సలహాదారుగానూ ఉన్నాడు. సినిమాలో ఆయన పేరు ఫోంతేన్. మోన్‌లుక్ 1921లో కట్టిన సైనిక జైలు. జర్మన్లు దాన్ని స్వాధీనం చేసుకున్నాక ప్రతిఘటనోద్యమ నాయకుడు జాఁ మూలాఁను, చరిత్రకారుడు మార్క్ బ్లోక్‌ను, 1944లో ఇజియు ఊరి యూదు పిల్లలను అందులోనే పెట్టారు. 2010 నుంచి అది స్మారక కేంద్రం. బ్రెస్సోన్ కూడా యుద్ధం మొదట్లో జర్మన్ల చేతిలో ఖైదీగా ఉన్నవాడే.

నటులెవరూ వృత్తి నటులు కారు. ఫోంతేన్‌గా కనిపించే ఫ్రాన్స్వా లెతెరియే అప్పటికి తత్వశాస్త్ర విద్యార్థి. తరువాత తానూ దర్శకుడయ్యాడు. ఆయన కొడుకు లూయీ లెతెరియేనే 2023లో ‘ఫాస్ట్ ఎక్స్’ తీశాడు (ఈ మాట చెబితే వెనక బెంచీల వాళ్ళు కూడా తలెత్తుతారు). ఛాయాగ్రహణం లియోన్స్-ఆన్రీ బ్యురెల్, మూకీల కాలం నుంచీ పనిచేసిన చెయ్యి. కళ పియెర్ షార్బోనియే, కూర్పు రేమోన్ లామీ. సంగీతం మోజార్ట్ సి మైనర్ మాస్ (చర్చి ఆరాధన బృందగానం; మోజార్ట్ రచనల జాబితాలో కె. 427), అదీ అక్కడక్కడా కొద్దిగానే. 1957 కాన్ ఉత్సవంలో బ్రెస్సోన్‌కు ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. ఇంతకుమించి చెప్పకండి. ముఖ్యంగా ‘ఇది చాలా నెమ్మదిగా నడిచే సినిమా, ఓపిక పట్టండి’ అని ముందే క్షమాపణ చెప్పుకోకండి. అలా చెబితే జనం ఫోన్లు బయటికి తీస్తారు.

బొమ్మ

సినిమా నలుపు తెలుపు, దాదాపు చదరంగా 4:3 చట్రంలో ఉంటుంది. 16:9 తెర మీద అటూ ఇటూ ఎనిమిదో వంతు చొప్పున నల్లగా మిగలాలి. అలా మిగలకపోతే టీవీ బొమ్మను సాగదీస్తోందన్నమాట: ఫోంతేన్ గది వెడల్పవుతుంది, జైలు కాస్తా లాడ్జి గది అయిపోతుంది. టీవీలో కదలికను నున్నగా చేసే సౌకర్యం ఉంటే ఆపేయండి. పదును, రంగు పెంచే ‘వివిడ్’ లాంటి మోడ్ వద్దు, ‘సినిమా’ మోడ్ చాలు. డిస్కు మీద ఇంట్లో చూడటానికే అని ఉంటే, జనం ముందు వేసే ముందు హక్కుదారు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

శబ్దం: అసలు పని ఇక్కడ

ప్రొజెక్టరులో ఉండే చిన్న స్పీకరుతో ఈ సినిమా వేయడం కన్నా వేయకపోవడమే మేలు. సౌండ్‌ట్రాక్ మోనో, అంటే శబ్దమంతా ఒకే చానెల్. ఒకే మంచి స్పీకరు ఉంటే దాన్ని తెర కింద మధ్యలో పెట్టండి. రెండుంటే గది చెరో మూలా కాకుండా, రెండిటినీ తెర కిందే పక్కపక్కన పెట్టండి. దూరంగా పెడితే పక్క సీట్ల వాళ్ళకు తాళంచెవుల చప్పుడు తలుపు నుంచి కాక గోడలోంచి వచ్చినట్టు ఉంటుంది. ‘సరౌండ్’, ‘బాస్ బూస్ట్’ రెండూ ఆపండి. బాస్ పెంచితే దూరాన పోయే రైలు గదిలోకి వచ్చేస్తుంది.

మన హాళ్ళలో పెద్ద శత్రువు సీలింగ్ ఫ్యాను. చివరి అరగంటలో ఇద్దరు మనుషులు కంకర పరిచిన కప్పు మీద అడుగు తీసి అడుగు వేస్తారు. రైలు పోతున్నప్పుడే కదులుతారు, అది దాటిపోగానే ఆగుతారు. ఫ్యాను తిరుగుతుంటే కంకర నలిగే చప్పుడు వినపడదు. అప్పుడు వాళ్ళెందుకు ఆగారో, ఎందుకు కదిలారో ఎవరికీ అర్థం కాదు. అందుకే డిసెంబరు, జనవరి రాత్రుల్లో పెట్టుకోండి. వేసవిలో తప్పదంటే ముందు గదిని బాగా చల్లబరిచి, ఆ అరగంట ఫ్యాన్లు ఆపండి. జనరేటరు ఉంటే గోడ అవతలికి, వీలైనంత దూరంగా.

చాలామంది వాల్యూమును మోజార్ట్ దగ్గర సరిచేస్తారు. బృందగానం హాయిగా వినపడగానే సరిపోయిందనుకుంటారు. అలా చేస్తే మిగతా సినిమా అంతా గుసగుసే. చెంచాతో తలుపు పలకల సందును గీకే సీను పెట్టుకుని, హాలు చివరి వరుసలో కూర్చుని, ఆ గీకుడు మీకు స్పష్టంగా వినపడేదాకా పెంచండి. తరువాత మోజార్ట్ వచ్చేచోట చూసుకోండి. గట్టిగా ఉంటే ఉండనివ్వండి, అది ఉండాల్సిందే. జనం నిండితే శబ్దాన్ని పీల్చుకుంటారు కాబట్టి ఖాళీ హాలులో పెట్టిన మట్టానికి ఇంకో గీత కలపండి.

పరీక్షించాల్సిన చప్పుళ్ళు ఇంకొన్ని: గార్డు మెట్ల ఇనుప కమ్మీ మీద తాళంచెవి ఆనించి నడిచే టకటక, గోడ అవతల తుపాకీ పేలుడు, రాత్రి పూట పహరా సైకిలు కీచుమనడం. ఆ సైకిలు ముందు చప్పుడుగానే వస్తుంది, అదేమిటో ఫోంతేన్‌కూ తెలియదు. ప్రేక్షకుడికి ఆ కీచు వినపడకపోతే, తరువాత సైకిలు కనపడినప్పుడు ‘ఓహో ఇదా!’ అన్న క్షణం చేజారుతుంది.

తెలుగు సబ్‌టైటిళ్ళు

ఫైలును ఎస్ఆర్‌టీగా (సబ్‌టైటిళ్ళకు వాడే మామూలు టెక్స్టు ఫైలు), యూటీఎఫ్-8 ఎన్‌కోడింగులో భద్రపరచండి. వేరే ఎన్‌కోడింగులో పెడితే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. ఎన్‌కోడింగు సరిగ్గా ఉన్నా డబ్బాలు వస్తున్నాయంటే లోపం ఫాంటుది. వీఎల్‌సీ ప్లేయరు సెట్టింగుల్లో సబ్‌టైటిల్ ఫాంటును నోటో సాన్స్ తెలుగుకు మార్చండి. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులతో కొట్టుకుంటే అక్షరం సైజు తగ్గించండి, లేదా ఒకే వరుసకు పరిమితం చేయండి.

టైమింగు తప్పితే ముందు ఎలా తప్పిందో చూడండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే రెండు సెకన్లు ఆలస్యమైతే వీఎల్‌సీలో జీ, హెచ్ మీటలతో 50 మిల్లీసెకన్ల చొప్పున జరుపుకోవచ్చు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోనూ తేడా పెరుగుతుంటే అది ఫ్రేముల లెక్క. యూరపు డీవీడీలు 24 ఫ్రేముల సినిమాను 25 మీద నడుపుతాయి. 100 నిమిషాల సినిమా 96 నిమిషాలకు ముగుస్తుంది, మోజార్ట్ కూడా అర్ధస్వరానికి కాస్త తక్కువ పైకెక్కుతుంది. అప్పుడు జరిపితే లాభం లేదు. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేరులో ఫ్రేమ్ రేటు మార్చి మళ్ళీ భద్రపరచాలి.

ఇక అనువాదం. సినిమా పొడుగునా ఫోంతేన్ గొంతు తన పని చెబుతూనే ఉంటుంది, అదే పని తెర మీద చేతులు చేస్తుంటాయి. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి ఇక్కడే దెబ్బ తింటాం. ‘చెంచాను నేలకేసి అరగదీసి ఉలిలా చేసుకున్నాక పలకల సందులో దూర్చి చూశాను’ అని ఒకే వాక్యంగా రాసి రెండు ముక్కలుగా వేస్తే, ‘చూశాను’ వచ్చేసరికి చెయ్యి ఇంకో పనిలో ఉంటుంది. క్త్వార్థకాలు (‘అరగదీసి’, ‘దూర్చి’ లాంటి ముగియని క్రియలు) తెంచండి: ‘చెంచాను నేల మీద అరగదీశాను.’ ‘ఉలి అయింది.’ ‘పలకల సందులో దూర్చాను.’ ఒక పనికి ఒక క్రియ, ఒక క్రియకు ఒక సబ్‌టైటిల్. వరుసకు నాలుగైదు మాటలు మించకుండా, ఒకటిన్నర సెకను కన్నా తగ్గకుండా.

ఆ గొంతుకూ సంభాషణకూ తేడా చూపడానికి మిగతా భాషల్లో వాలు అక్షరాలు వాడతారు. తెలుగు లిపిని వాలిస్తే చదవబుద్ధి కాదు, లేత పసుపు రంగు ఇవ్వండి. సంబోధనలు ముందే తేల్చుకోండి: పక్క గది పెద్దాయన బ్లాంషేను ఫోంతేన్ ‘మీరు’ అంటేనే బాగుంటుంది. చివర్లో అదే గదిలోకి వచ్చిన 16 ఏళ్ళ జోస్త్‌ను ‘నువ్వు’ అనాలి, వాడు తిరిగి ‘మీరు’ అనాలి. తోటి ఖైదీ అయిన పాస్టరు రాసిచ్చే నీకొదేము కథ ముక్కకు (పైన చెప్పిన వచనం ఆ కథలోదే) కొత్త అనువాదం అక్కర్లేదు, తెలుగు బైబిలు మాటలే పెట్టండి. గార్డుల జర్మన్ అరుపులను అనువదించకండి. భాష తెలియని చోట మాట కూడా చప్పుడే.

ఇప్పుడు మీరు తీయండి

సినిమా చూశాక చర్చ కన్నా ఒక అభ్యాసం ఎక్కువ నేర్పుతుంది. పని: సైకిలు ట్యూబుకు పంక్చరు వేయడం. రెండున్నర నిమిషాలు, 14 షాట్లు, ముఖం కనపడే షాట్లు రెండుకు మించకూడదు.

ముందు మొదటి సీను మళ్ళీ చూడండి. కారులో ఫోంతేన్ చెయ్యి తలుపు పిడి వైపు జరుగుతుంది, వెనక్కి వస్తుంది. కారు నెమ్మదించగానే దూకుతాడు. కెమెరా అతని వెంట పోదు, ఖాళీ సీటు దగ్గరే ఉంటుంది. కేకలు, కాల్పులు వింటాం, అతణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెడతారు. పరుగు అంతా చెవిలోనే. మీ 14 షాట్లలో కనీసం మూడు పనులు ఇలా ఫ్రేము బయట జరగాలి.

బ్రెస్సోన్ 50 మి.మీ. లెన్సుకే కట్టుబడతాడని విని చాలామంది ఫుల్‌ఫ్రేము (పెద్ద సెన్సరున్న) కెమెరాకు 50 తగిలిస్తారు. 35 మి.మీ. ఫిల్ము చట్రం వెడల్పు దాదాపు 22 మి.మీ. మాత్రమే, ఫుల్‌ఫ్రేముది 36. అంటే ఆ చూపు ఫుల్‌ఫ్రేములో సుమారు 80 మి.మీ. లెన్సు చూపు. ఏపీఎస్-సీ (అంతకన్నా చిన్న సెన్సరున్న) కెమెరాకైతే 50 దాదాపు సరిపోతుంది. ఫోనైతే మూడు రెట్ల లెన్సు వాడి మీరే దూరం జరగండి. కిటికీకి తెల్ల దుప్పటి కట్టి ఆ వెలుగులోనే తీయండి.

పంక్చరు వేసేవాడు నిజంగా ఆ పని వచ్చినవాడై ఉండాలి. మొదటి నాలుగైదు సార్లు కెమెరా కోసం చేస్తాడు: ట్యూబును ఎత్తి చూపిస్తాడు, తల ఊపుతాడు. మళ్ళీ మళ్ళీ చేయించండి. విసుగు పుట్టాక చేతులు తమ పని తాము చేసుకుంటాయి, అప్పుడు తీయండి. బ్రెస్సోన్ తన మనుషుల్ని నటులు అనక ‘మోడళ్ళు’ అన్నది ఇందుకే.

పనిలో ఒక నిరీక్షణ ఉంది, దాన్ని కోసేయకండి. రుద్దిన చోట సొల్యూషన్ రాశాక జిగురు చేతికి అంటనంత వరకు, నాలుగైదు నిమిషాలు ఆగాలి. తడిగా ఉండగానే ముక్క అంటిస్తే గాలి కొట్టగానే లేస్తుంది. సినిమాలోనైతే ఆ అయిదు నిమిషాలు ఒక ఖాళీ షాటు, ఒక వాక్యం: ‘ఆరేదాకా ఆగాను.’ గొంతు మాటలను కూర్పు అయ్యాకే రాయండి, భూతకాలంలో, మొత్తం 50 మాటల లోపు. ‘భయమేసింది’ లాంటి మాట ఒక్కటీ వద్దు.

శబ్దాలన్నీ విడిగా రికార్డు చేయండి: టైరు రిమ్ము నుంచి ఊడే చప్పుడు, తొట్టెలో బుడగలు, గరుకు కాగితం రుద్దుడు, పంపు. ఫోను మైకు 15–20 సెంటీమీటర్ల దూరంలో, గోడలకు దుప్పట్లు వేలాడదీసిన గదిలో, ఒక్కోటి మూడు సార్లు. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ చప్పుళ్ళు అతికిస్తే వెంటనే తెలిసిపోతుంది, మీ తొట్టె ప్లాస్టిక్కుది, వాళ్ళది ఇనపది.

అంతా కుదిరాక తెర ఆపేసి, షూటింగులో లేని ఒకరికి శబ్దం మాత్రం వినిపించండి. ఏ పని జరుగుతోందో, గాలి ఎక్కడ పోతోందో, చివరికి ముక్క నిలిచిందో లేదో చెప్పమనండి. ఎక్కడ తడబడితే ఆ చప్పుడు మళ్ళీ రికార్డు చేయండి.