మన బేస్, మన చేతి రిపేరు – 4వ పాఠం: కుడి అంటే ఎవరి కుడి?

ఈసారి బేస్ గిటార్ బ్రిడ్జి మీది సాడిల్స్, అంటే బాడీ వైపు తీగలు ఆనే చిన్న దిమ్మల ఎత్తు గురించి చెబుదామనుకున్నాను. అది వచ్చే పాఠానికి పోయింది. పోయినసారి నేను రాసిన ఒక్క ముక్క దానికి కారణం: "నెక్ వంగితే ట్రస్ రాడ్‌ను కుడివైపు పావు చుట్టు తిప్పండి." (నెక్ అంటే గిటార్ మెడ, ట్రస్ రాడ్ అంటే దాని లోపల ఉండి వంపు సరిచేసే ఇనుప కడ్డీ.) అది చదివి తిప్పినవాళ్లలో ఇద్దరు బేస్ సంచీ భుజాన వేసుకుని నేరుగా మా ఇంటికే వచ్చారు.

మొదటివాడు తార్నాక కుర్రాడు, చర్చి కాయిర్‌లో వాయిస్తాడు. "అన్నా, మీరు చెప్పినట్టే తిప్పిన. వంపు పోలే, ఇంకింత పెరిగింది" అన్నాడు. చూస్తే పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది అడ్డ తీగె) దగ్గర తీగ కింద పెన్సిల్ దూరేలా ఉంది. రెండో ఆయన మల్కాజిగిరి, నాకన్నా పెద్దవారు. ఆయన సరిగ్గా కుడివైపే తిప్పారు. కానీ ఆయన నెక్ అప్పటికే రెండో వైపు వంగి ఉంది. మొదటి ఐదు ఫ్రెట్లలో ఎక్కడ నొక్కినా టపటపమని ఫ్రెట్ కొట్టుకుంటోంది.

తప్పు వాళ్లది కాదు. ఏ వంపో చెప్పలేదు, ఎవరి కుడో చెప్పలేదు. రెండూ నావే.

వంపు సంగతి ముందు. "ముందుకు వంగింది, వెనక్కి వంగింది" అనే మాటలు ఇకమీద వాడను, అవి ఎవరికి వారు అర్థం చేసుకునే మాటలు. తీగలు లాగడం వల్ల నెక్ నడుమ లోపలికి పోయి, అచ్చం ఎక్కుపెట్టిన విల్లులా కనబడితే అది విల్లు వంపు. నడుమ ఎద్దు మూపురంలా తీగల వైపు లేస్తే అది మూపురం. విల్లు వంపులో తీగలు మధ్యలో ఎత్తుగా ఉండి వేళ్లు నొప్పెడతాయి. మూపురంలో కిందకే ఉంటాయి, కానీ మొదటి ఫ్రెట్లలో గరగరలాడతాయి. విల్లు వంపుకి రాడ్ బిగించాలి, మూపురానికి వదులు చేయాలి. మల్కాజిగిరి ఆయన మూపురాన్ని బిగించారు, అది ఇంకాస్త లేచింది. అంతే.

కంటితో చూసి చెప్పేస్తానంటారా, నేను చెప్పలేను. కొలవాలి. బేస్‌ని ట్యూన్ చేసి, వాయించే భంగిమలోనే ఒళ్లో పెట్టుకోండి. బల్ల మీద పడుకోబెట్టి కొలిస్తే నెక్ బరువే కొలత మార్చేస్తుంది. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగల్ని నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, లావు తీగని చివరి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కండి. ఇప్పుడు ఆ తీగే మీ స్కేలు. ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. ఫెండర్ వాళ్లు బేస్‌కి చెప్పే కొలత, ఫింగర్ బోర్డు (ఫ్రెట్లు ఉండే పలక) గుండ్రదనాన్ని బట్టి, 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్ల దాకా. నేనైతే 0.3 దగ్గర ఆపేస్తాను, గుండ్రదనం లెక్కలు పట్టించుకోను.

దీనికి బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సెట్టింగుకి వాడే ఫిల్లర్ గేజ్, అంటే సందులు కొలిచే పలుచని రేకుల కట్ట ఉంటే మేలు. రాణీగంజ్‌లో టూల్స్ అమ్మే ఏ కొట్లో అడిగినా ఇస్తారు. లేదంటే నా పద్ధతి: మామూలు జెరాక్స్ కాగితం ఒకటి దాదాపు 0.1 మిల్లీమీటరు మందం. మూడు ముక్కలు ఒకదానిమీద ఒకటి పెట్టి సందులోకి తోయండి. తీగ లేవకుండా, కాగితాలు జారి పడిపోకుండా ఉంటే నెక్ బాగున్నట్టే, దాని జోలికి వెళ్లకండి. ఐదు కాగితాలు దర్జాగా దూరితే విల్లు. ఒక్కటీ దూరకపోతే, నెక్ నిటారుగానైనా ఉండాలి, మూపురమైనా అయ్యుండాలి. రెంటికీ మందు ఒకటే, వదులు చేయడం. ఇదే కొలత సన్న తీగ మీద కూడా తీయండి. రెండు వైపులా బాగా తేడా వస్తే నెక్ తాడులా మెలి తిరిగిందన్నమాట. అది రాడ్‌తో పోదు, పనివాడి దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక కుడి గొడవ. ఇది కాస్త విసుగ్గానే రాస్తున్నాను, ఎందుకంటే ఇరవై ఏళ్ల కింద నేనూ ఇందులోనే పడ్డాను.

నేల మీద వెల్లకిలా పడుకుని ఫ్యాన్ చూడండి. అది గడియారానికి ఎదురు తిరుగుతుంది. అదే ఫ్యాన్‌ని స్లాబుకి కన్నం పెట్టి పైనుంచి చూస్తే గడియారం తిరిగినట్టే తిరుగుతుంది. ఫ్యాన్ మారలేదు, మీరు మారారు. నీళ్ల సీసా మూత బిగించేటప్పుడు మూత వైపు నుంచి చూస్తే కుడి, అడుగు వైపు నుంచి చూస్తే ఎడమ. తార్నాక కుర్రాడు చేసిందీ ఇదే. వాడి బేస్‌కి రాడ్ నట్టు హెడ్‌స్టాక్ (తీగల మరలుండే తల) దగ్గర ఉంది. బేస్ ఒళ్లో పెట్టుకుని, బాడీ వైపు నుంచి తొంగి చూస్తూ ఎల్ కీని (నట్టు తిప్పే ఆరు మూలల కడ్డీని) తన కుడికి తిప్పాడు. నట్టు లెక్కలో అది ఎడమ. వదులైంది, విల్లు పెరిగింది.

కాబట్టి సూత్రం: నట్టు ముఖంలో ముఖం పెట్టి చూడండి. నట్టు హెడ్‌స్టాక్ దగ్గరుంటే హెడ్‌స్టాక్ అవతల నిలబడి బాడీ వైపు చూడాలి. పాత తరహా నెక్‌లకి అది బాడీ దగ్గరి చివర ఉంటుంది, అప్పుడు బాడీ వైపు నుంచి హెడ్‌స్టాక్ వైపు చూడాలి. అలా ఎదురుగా చూస్తూ గడియారం ముల్లులా తిప్పితే బిగుతు, ఎదురు తిప్పితే వదులు. (తీగలు కూర్చునే తెల్ల పట్టీని కూడా నట్ అనే అంటారు. నేను చెబుతున్నది ఆ నట్ కాదు, రాడ్ చివరున్న బోల్టు నట్టు. ఒకరు పట్టీని ఊడదీయబోయారట.)

ఇంత చెప్పినా తికమకపడేవాళ్లకి నా సొంత కిటుకు. ట్యూనర్ పెట్టి, నాలుగు తీగల్నీ శ్రుతిలో ఉంచి, రాడ్‌ని చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పండి. మళ్లీ తీగ మీటండి. బిగిస్తే హెడ్‌స్టాక్ వెనక్కి వెళ్తుంది, తీగ ఇంకాస్త సాగుతుంది, ముల్లు శ్రుతికి పైకి పోతుంది. వదులు చేస్తే కిందికి జారుతుంది. ముల్లు అబద్ధం చెప్పదు. నట్టు బదులు చిన్న చక్రం ఉండే బేస్‌లకీ ఇది పనికొస్తుంది. తీగలు పూర్తిగా వదిలేస్తే తప్ప నట్టు అందని బేస్‌లకి మాత్రం పనికిరాదు, అక్కడ కాగితాలే దిక్కు. బిగించే ముందు తీగలు వదులు చేయాలని చాలామంది అంటారు. ఎనిమిదో వంతుకి నేను చేయను. నట్టు మొండికేస్తే మాత్రం తప్పకుండా వదులు చేసి తిప్పుతాను, బలం వాడను.

ఎల్ కీ సైజు విషయంలో రాజీ వద్దు. అంగుళంలో ఎనిమిదో వంతు అంటే 3.175 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్ల కీ అందులో దూరుతుంది, కాస్త వదులుగా. ఆ వదులుతోనే నేనొకసారి నట్టులోని ఆరు మూలల్ని గుండ్రంగా అరగదీశాను. దాన్ని బయటికి తీయించడానికి పెట్టిన డబ్బుతో కొత్త తీగలు రెండు సెట్లు వచ్చేవి. అమెరికా తయారీకి అంగుళాల కీ, జపాన్, కొరియా, ఇండోనేసియా తయారీకి ఎక్కువగా మిల్లీమీటర్ల కీ. అయినా దూర్చి, ఆడించి చూశాకే తిప్పండి.

అసలు ఈ రాడ్ ఎందుకో ఒక్క మాట. 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) మీద నాలుగు బేస్ తీగలు కలిసి సుమారు 75, 80 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకి ఎదురు నిలిచేది ఈ ఇనుప కడ్డీ. గిబ్సన్‌లో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1923లో దీనికి పేటెంటు పొందాడు. ఒకవైపే పనిచేసే (విల్లు వంపుని మాత్రమే సరిచేసే) రాడ్ ఉన్న బేస్‌లో పూర్తిగా వదులు చేసినా మూపురం పోకపోతే, రాడ్‌తో ఇంక పని లేదు. కాస్త లావు తీగలు వేసి చూడండి, వాటి లాగుడే నెక్‌ని విల్లు వైపుకి తెస్తుంది. మల్కాజిగిరి ఆయన బేస్‌ని చివరికి అలాగే దారికి తెచ్చాం.

తీగలు ఎత్తుగా ఉన్నాయని రాడ్ తిప్పడం వేరే జబ్బు. ఎత్తు పని సాడిల్స్‌ది. నెక్ మూడు కాగితాలకి వచ్చాకే అటు వెళ్దాం.

అభ్యాసం ఈసారి పెద్దదే. పదిహేను రోజులు రాడ్ ముట్టుకోకుండా, రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ట్యూన్ చేసి, ఎన్ని కాగితాలు దూరాయో, గదిలో ఏసీ ఉందో లేదో, ఆ రోజు వాన పడిందో లేదో రాయండి. మన ఊళ్లో మే ఎండకి ఎండిపోయిన చెక్క జూలై ముసురుకి తేమ పీల్చుకుంటుంది, నెక్ కదులుతుంది. ఎటు కదులుతుందో అన్నిటికీ ఒకే లెక్క లేదు. నా దగ్గరున్న రెండు బేస్‌లలో ఒకటి వానలకి విల్లు అవుతుంది, ఇంకొకటి నిటారవుతుంది. మీదేం చేస్తుందో ముప్పై వరుసల కాగితం చెబుతుంది. సాడిల్స్ పాఠానికి ఆ కాగితం పక్కన పెట్టుకుని కూర్చోండి. అటక మీద పెట్టిన బేస్‌ని మాత్రం ముందే కిందికి దించండి.