బ్రిటనీ గాలెట్లు – మూడో పాఠం: పెనం కాగాలి

గాలెట్ అంటే ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో కుట్టు పిండితో, అంటే బక్‌వీట్ పిండితో, వేసే పల్చటి అట్టు. పోయిన పాఠంలో ఆ పిండి కలిపి నానబెట్టాం. ఈసారి లోపల పెట్టే సరుకుల గురించి చెప్పాల్సింది. కానీ చాలామందికి గాలెట్ పెనం మీదే చినిగిపోయింది. ముందు అది తేలాలి.

గోధుమపిండికి సాగుడు ఇచ్చే గ్లూటెన్ ఈ పిండిలో లేదు. అట్టును పట్టి ఉంచేది బాగా నీళ్లు పీల్చుకుని ఉడికిన పిండిపదార్థం ఒక్కటే. 250 గ్రాముల పిండికి 6 గ్రాముల ఉప్పు వేసి, ముందు 300 మి.లీ. నీళ్లే పోసి అయిదు నిమిషాలు గట్టిగా గిలక్కొట్టమన్నది అందుకే. మిగతా 250 మి.లీ. రాత్రంతా నానాకే పోయాలి. నీళ్లన్నీ ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది, ఉండ ఉన్నచోటే చినుగుతుంది. ఉండలుంటే వడకట్టండి. గోధుమపిండి కలిపితే చినగదు, నిజమే. పశ్చిమ బ్రిటనీలో కలిపేవాళ్లూ ఉన్నారు. తూర్పున రెన్ నగరం వైపు మాత్రం పిండి, నీళ్లు, ఉప్పు, అంతే. నా మొగ్గు అటే. కుట్టు రుచి కోసమే కదా ఇంత పాటు.

ఇక అసలు చిక్కు. దోసె వేసే ముందు పెనం మీద నీళ్లు చిలకరించి తుడుస్తాం. గాలెట్‌కి ఆ పని చేయకండి. దోసెపిండి చిక్కన, గరిటెతో పరవాలి. పెనం మరీ కాలితే గరిటెతోపాటు లేచొస్తుంది కాబట్టి చల్లారుస్తాం. గాలెట్ పిండి జారుగా ఉంటుంది. గరిటె వెనక పల్చగా అంటి, వేలితో గీస్తే గీత నిలిస్తే చాలు. ఇది పెనం తగలగానే మరగాలి. ఆ ఆవిరే పైకి తన్నుకొచ్చి చిల్లులు చేస్తుంది, చిల్లుల్లోంచి తడి పోయి అడుగు ఆరుతుంది, ఆరిన అడుగు తనంతట తనే వదులుతుంది. చల్లారిన పెనం మీద పోస్తే పిండి మెల్లగా ఉడికి, జిగురుగా మారి ఇనుముకు పట్టేస్తుంది. అప్పుడు అట్లకాడ పెడితే చినక్క ఏం చేస్తుంది? ఉల్లిపాయ ముక్కతో రుద్దినా అంతే, దాని తడి చాలు పెనం చల్లారడానికి. బ్రిటనీలో గుడ్డ ఉండకి పందికొవ్వు అద్ది తుడుస్తారు. మీరు నూనె అద్దండి. వెన్న వద్దు, మాడుతుంది.

అక్కడి పోత ఇనుప పెనాన్ని, బిలిగ్ అంటారు, రమారమి 220–230 డిగ్రీల దాకా కాచి వేస్తారు. థర్మామీటర్ లేకపోతే చెవే ఆధారం: పోయగానే చుయ్‌మనాలి, రెండు మూడు క్షణాల్లో చిల్లులు పడాలి, నిమిషానికి అంచు లేవాలి. 26 సెం.మీ. పెనానికి 90 మి.లీ. పిండి. పెనం ఎత్తి, పోస్తూనే వంచి తిప్పండి. ఎత్తలేనంత బరువైతే గరిటె అడుగుతో ఒక్క చుట్టు, మళ్లీ ముట్టుకోవద్దు. నాన్‌స్టిక్‌ని ఖాళీగా అంత కాల్చకూడదు, దీనికి ఇనుప పెనమే కావాలి.

చేదొచ్చినవాళ్లు పిండి వాసన చూడండి. కుట్టు పిండి త్వరగా కనరెక్కుతుంది. దసరా నవరాత్రుల ముందు, ఉపవాసాల సరుకుతోపాటు వచ్చేది కొనుక్కోండి. పక్కనే అమ్మే సింఘాడా పిండి (నీళ్లలో పెరిగే కాయల పిండి) వేరు, పొరపాటు పడొద్దు.

లోపలికి: తిరగేసి అరనిమిషం ఆగి ఉప్పువెన్న రాసి, గుడ్డు కొట్టి, తెల్లసొన పరిచి, తురిమిన ఎమెంటాల్ చీజ్, హ్యామ్ వేసి, పచ్చసొన కనబడేలా నాలుగంచులూ లోపలికి మడవడం. దీన్నే కొంప్లెత్ అంటారు. మాంసం తిననివాళ్లు హ్యామ్ బదులు వెన్నలో మగ్గించిన లీక్స్ (లావుపాటి ఉల్లికాడల్లాంటివి) వేసుకోండి.

అభ్యాసం: ఈ కొలతకు ఎనిమిది దాకా వస్తాయి. మొదటిది పెనం రెండు నిమిషాలు కాగాక వేయండి. అది తీశాక ఇంకో రెండు నిమిషాలు ఖాళీగా కాచి రెండోది, మళ్లీ రెండు నిమిషాలు కాచి మూడోది. మూడింటి అడుగులూ పక్కపక్కన పెట్టి చిల్లులు చూడండి. మిగతావి ఉప్పువెన్నతోనే తినండి. చినక్కుండా వరసగా నాలుగు వచ్చేదాకా గుడ్డు కొట్టొద్దు.